నీళ్ళు ఇంకా సిద్ధం కాలేదు

ఆ పొద్దున కూడా తడిగుడ్డ పిండి, తొట్టి అంచున పేరుకున్న ఉప్పు తుడుస్తున్నాను. తుడిచిన చోటే మళ్ళీ తెల్లగా పొంగుతుంది. తరవాత, ఆవిరైనంత మేరకు మంచినీళ్ళు పోయాలి. ఉప్పునీళ్ళు పోయకూడదు. నీరైతే ఆవిరైపోతుంది కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. సంసారం చేసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అలా తుడుస్తుండగానే నాకు జ్ఞానోదయమైంది. ప్రతి ఇంట్లోనూ చేపలు లేని చేపల తొట్టి ఒకటి ఉండి తీరాలి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మావారికి సముద్రాన్ని ఇంటికి తేవాలనిపించింది. అంత పెద్దది కాదు లెండి, బట్టల పెట్టెలో పట్టేంత సముద్రం. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద గాజు తొట్టి పెట్టారు. ఇసుక పోశారు. రాళ్ళు పేర్చారు. ఉప్పు తూచి తూచి కలిపారు. ఇక చేపలు రావడమే తరువాయి అనుకున్నాం, అత్తయ్యా నేనూ. ఎంత అమాయకులం!

"అప్పుడే చేపలేంటి? ముందు సైకిల్ అవ్వాలి," అన్నారాయన.

సైకిల్ అంటే తొక్కేది కాదు. నీళ్ళలో ఒక పచ్చి రొయ్యని పడేసి కుళ్ళనివ్వాలి. ఆ కుళ్ళులోంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా వచ్చి రాళ్ళ మీద కాపురం పెడుతుంది. అది ఊరికే తిని కూర్చోదు, నైట్రైట్ అనే ఇంకో విషం తయారుచేస్తుంది. దాన్ని తినడానికి మరో రకం బాక్టీరియా రావాలి. అదీ వచ్చి, రెండు విషాలూ సున్నాకి దిగితే అప్పుడు ఆ నీళ్ళలో ఒక ప్రాణి బతకొచ్చు. ఎన్నాళ్ళు పడుతుందంటారా? వాటి దయ!

"ఇంట్లోకి తెచ్చిన రొయ్యని పొయ్యి మీద పెట్టకుండా కుళ్ళబెట్టేవాణ్ణి నిన్నే చూశానురా," అని అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

కానీ లాభాలు చూడండి. టీ కాస్త ఆలస్యమైతే వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గే మనిషికి ఎంత ఓర్పు వచ్చింది! కంటికి కనపడని బాక్టీరియా ఎప్పుడొస్తుందా అని, చెయ్యి గడ్డానికి ఆనించుకుని, రాళ్ళకేసి చూస్తూ కూర్చుంటారు. పెళ్ళయ్యాక మంచినీళ్ళ బిందె పక్కకి జరపని ఆయన ఇప్పుడు నీళ్ళ డబ్బాలు భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నారు. ఏ పూజలు చేస్తే వస్తుందండీ ఇంత మార్పు?

పైగా రోజూ పొద్దున్నే పరీక్ష. గాజు గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తారు. విషం ఎంత ఎక్కువుంటే అంత పచ్చగా మారతాయట. "నిన్నటికంటే పచ్చదనం తగ్గిందంటావా?" అని నన్నడుగుతారు. ఈ ఇంటికి వచ్చాక నా అభిప్రాయం అడిగిన మొదటి విషయం అదే కాబట్టి, నేనూ కళ్ళు చికిలించి చాలా శ్రద్ధగా చూసి చెబుతాను. ఒంట్లో ఎలా ఉందని నీళ్ళని రోజూ పలకరించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి!

ఇక చుట్టాలు. మా మామగారి అన్నగారు ఒకసారి కూర్చున్నారంటే భోజనం చేసి గానీ లేవరు. ఓ పూట వచ్చి కళ్ళజోడు సర్దుకుని తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"చేపలేవిరా?"

"ఇంకా రాలేదు పెద్దనాన్నా. నీళ్ళు సిద్ధమవుతున్నాయి."

"నీళ్ళు సిద్ధమవడం ఏంట్రా? పెళ్ళికూతురా ఏమన్నానా?"

మావారు కుర్చీ దగ్గరకి లాక్కుని అమ్మోనియా దగ్గర మొదలుపెట్టారు. నైట్రైట్ సగంలో ఉండగానే పెద్దనాన్నగారికి ఏదో పని గుర్తొచ్చింది. టీ కూడా తాగలేదు. వంటింట్లో నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. బాక్టీరియాకే!

అన్నిటికంటే పెద్ద వరం ఇంకోటుంది. ఏ మాట వచ్చినా వాయిదా వెయ్యడానికి ఇంతకంటే మర్యాదైన కారణం దొరకదు. కుళాయి కారుతోందండీ అంటే, "సైకిల్ అయిపోనీ." మా అమ్మని చూసొస్తానండీ అంటే, "సైకిల్ అయిపోనీ." మా వీధి చివర ప్రెస్సు ఉంది. అది నడిపే ఆవిడ ప్రూఫులు దిద్దడానికి నన్ను రమ్మంటోంది. వెళ్ళనా అంటే?

మీరే చెప్పగలరు.

నాకు వచ్చిన పని అదొక్కటే. మా ఊరి బళ్ళో మాస్టారు నల్లబల్ల మీద రాసిన తప్పులు కూడా మనసులో దిద్దుకుంటూ కూర్చునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు. ఆ ఉద్యోగం కోసం నేనెంత ఆశపడుతున్నానో మావారికి చెప్పాను. ఆయన విన్నారు కూడా. విని, "నువ్వు తొందరపడకు. తొందరపడితే అంతా చచ్చిపోతుంది," అన్నారు. నా గురించో, తొట్టి గురించో అడగలేదు నేను.

ఈలోగా ఆయన పెద్ద తొట్టి పక్కనే ఒక చిన్న గాజు అర కట్టారు. దాని పేరు రెఫ్యూజియం. అందులో గిన్నెలు తోమే పీచులాంటి నాచు. ఆ నాచులో ఆవగింజకంటే చిన్న పురుగులు. "రేపు చేపలొచ్చాక పెద్ద తొట్టిలో ఉంటే వీటిని బతకనివ్వవు. ఇక్కడైతే ఎవరి నోటా పడకుండా, వాటి పని అవి చూసుకుంటూ పెరుగుతాయి," అని చెప్పారు. దానికి వేరే నీటిధార. వేరే లైటు. అన్నీ అమిరాయి! పురుగుకి కూడా సొంత గదీ, సొంత దీపమూ ఇచ్చే ఇల్లండీ మాది. పిల్లనిచ్చే వాళ్ళు కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. నేను వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చదువుకుంటాను, గాలి బాగా వస్తుంది.

విషాలు సున్నాకి దిగుతున్నాయి, ఇవాళో రేపో అనుకుంటుండగా అత్తయ్యకి శుభ్రత గుర్తొచ్చింది. అప్పటికి రాళ్ళ మీద గోధుమరంగు పాచి పట్టింది. ఎవరైనా చూస్తే ఈ ఇంటి ఆడవాళ్ళని ఏమనుకుంటారు? మావారు ఆఫీసుకెళ్ళగానే, నేను మేడ మీద బట్టలు ఆరేస్తుండగా, ఆవిడ రాళ్ళన్నీ తీసి, కుళాయి కింద పెట్టి, గిన్నెల సబ్బుతో పరపరా తోమేశారు. నేను దిగొచ్చేసరికి రాళ్ళు కొత్త పళ్ళలా మెరుస్తున్నాయి.

సాయంత్రం మావారు తొట్టిని చూసి, అక్కడే నేల మీద చతికిలబడ్డారు.

"అమ్మా! చంపేశావే! అందరినీ చంపేశావు!"

"ఎవర్నిరా? ఒక్క పురుగు కూడా కనపడలేదే!"

"కనపడవమ్మా అవి!"

"కనపడని వాళ్ళ కోసం ఇంత ఏడుపేంట్రా! ఏమ్మాయ్, మురికి కడగడం కూడా తప్పేనా?"

మళ్ళీ రొయ్య వచ్చింది. మళ్ళీ కుళ్ళింది. ప్రెస్సు ఆవిడ దగ్గరకెళ్ళి ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. కారణం చెబితే ఆవిడ, "మీ రొయ్య సంగతి నాకు తెలీదమ్మా. ఒకటో తారీఖు పొద్దున నువ్వొస్తే నువ్వు, లేకపోతే ఇంకో అమ్మాయి," అంది. అదీ మావారికి చెప్పాను. ఆయన గొట్టం వెలుగుకి ఎత్తి చూస్తూ, "ఊఁ," అన్నారు.

రెండోసారి సైకిల్ పూర్తయింది. ఒకటో తారీఖు పొద్దున్నే చేప వచ్చింది. నారింజ రంగు మీద తెల్ల చారలు, బొటనవేలంత ఉంది. సంచీ విప్పి తొట్టిలో వదిలేస్తారనుకున్నాను. అబ్బే! ముందు ఆ సంచీని అలాగే నీళ్ళ మీద తేల్చారు, వేడి సరిపడాలట. తరవాత చేపని గిన్నెలోకి దింపి, సన్నటి గొట్టానికి ముడివేసి, తొట్టి నీళ్ళని అందులోకి చుక్క చుక్కగా వదులుతూ స్టూలు మీద కూర్చున్నారు.

"కొత్త చోటమ్మా," అని వాళ్ళమ్మకి చెబుతున్నారు, చాలా మెల్లగా. "పుట్టిన నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు. ఒక్కసారిగా పడేస్తే తట్టుకోలేదు. లైటు తగ్గించు. ఇవాళ తిండి కోసం కూడా తొందరపెట్టకూడదు. దానంతటది కోలుకోవాలి."

అత్తయ్యకి జాలేసింది. "పాపం, పిచ్చితల్లి. ఎలా బెదిరిపోయి చూస్తోందో!"

నేను ఈ ఇంటికొచ్చిన రోజు నా పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. పంచదార డబ్బా ఎక్కడుందో చెప్పకుండానే పదిమందికి టీ పెట్టమన్నారు. మొదటి గ్లాసు మావారికే ఇచ్చాను. "ఉప్పేశావేంటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఏ గొట్టానికీ ఎవరూ ముడి వెయ్యలేదు.

"సైకిల్ అయిపోయింది కదండీ," అన్నాను.

ఆయన తల తిప్పకుండానే వేలు పెదాలకి ఆనించి, "ష్! మాట్లాడకు," అన్నారు.

కొత్త ప్రాణి ఇంట్లో ఉండగా శబ్దం చెయ్యడం నిజంగానే తప్పు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగాక తొడుక్కుని, ప్రెస్సుకి వెళ్ళిపోయాను.