మా వాకిట్లో ఇసుక రంగనాథుడు

నవ్వండి, పరవాలేదు. వీరభద్ర అని పేరు పెట్టుకుని, టీకొట్టు బల్ల మీద కూర్చొని జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడేమిటా అనే కదా మీ గుసగుసలు! మన బారాకట్ట ఆట మా వాకిలి వదిలి ఈ టీకొట్టుకు ఎందుకు వచ్చిందో కూడా మీకు తెలియాలి. గవ్వలు కాసేపు కింద పెట్టండి, చెబుతాను.

మా వాకిలి సంగతి మీకు తెలుసు. కోయిలకుంట్ల మొత్తానికి మధ్యాహ్నం పూట నీడా గాలీ రెండూ దొరికే చోటు అదొక్కటే. సరిగ్గా అక్కడే కుట్టుమిషను కొట్టు కట్టాలని మా ఆవిడ శివజ్యోతి పట్టుబట్టింది. పాపం, ఇన్నాళ్లూ వంటింట్లో పొయ్యి పక్కనే కుట్టేది. పోయిన నెల ఎవరిదో పెళ్లి జాకెట్టుకు ఇంగువ పోపు వాసన పట్టిందట.

ఒక పొద్దున లేచి చూస్తే వాకిట్లో ట్రాక్టరు ఇసుక.

"ఏమే, ఇదేంది?"

"ఇసుక."

"అది తెలుస్తాంది. ఈడ ఎందుకుండాది?"

"నీ గవ్వలాటకు గోరీ కట్టడానికి. సోమారం గోడలు లేపను బేల్దారి చిన్న ఈరన్న వస్తాండాడు."

నా కాళ్ల కింద వాకిలి కదిలిపోయింది. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. ఆ ఇసుకలో దేవుణ్ణి చెక్కితే పార పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఫోన్లో సైకత శిల్పాల వీడియోలు చూశాను. ఇసుక జల్లించాలి, తడపాలి, గట్టిగా అదమాలి, పైనుంచి కిందికి చెక్కుతూ రావాలి. ఇంతేగదా అనుకున్నాను.

మొదట ఆంజనేయుణ్ణి ఎత్తుకున్నాను. భక్తి ఎక్కువై పాదాల దగ్గర మొదలుపెట్టాను. పాదాలు పూర్తయ్యేసరికి సంజీవని పర్వతం స్వామి మీదే కూలింది.

తర్వాత నరసింహస్వామి. మూతి మీది ఇసుకను జ్యూసు గొట్టంతో మెల్లగా ఊదాలట. ఊదుతుండగా తుమ్మొచ్చింది. స్వామి ముఖం వెళ్లి ఎదురింటి గోడకు అంటుకుంది.

అప్పుడు జ్ఞానోదయమైంది. పడుకున్న దేవుడైతే ఇక పడిపోడు! రంగనాథస్వామిని మొదలుపెట్టాను. దోసె గరిటెతో భుజాలు దిద్దాను, గుంట గరిటెతో బొడ్డు తవ్వాను. ఆదిశేషుడి పడగలు ఇడ్లీల్లా వచ్చాయి. మన ఎండకు ఆరి రాలిపోకుండా ఇంట్లో నీళ్లన్నీ తెచ్చి పోశాను.

"డ్రమ్ములో నీళ్లు యాడికి పాయె?" అని శివజ్యోతి ఖాళీ చెంబుతో వచ్చింది.

"స్వామికి అభిషేకం చేసినా. రాత్రి కల్లో కనబడినాడు. 'వీరభద్రా, ఈ ఇసుకలో నేనుండా, నన్ను కదిలిస్తే ఊరుకోను' అన్నాడు."

ఆవిడ బొమ్మను తల నుంచి కాళ్ల దాకా చూసింది. పక్కింటి సుంకులమ్మవ్వ కూడా వచ్చి చూసింది.

"అయ్యో, మా అల్లుడు ఓబుళేశు తాగి పండుకున్నట్టే ఉండాడే!" అంది అవ్వ.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కానీ మర్నాడు ఆ అవ్వ కోడిపెట్టే వచ్చి, స్వామి బొడ్డులో చల్లగా ఉందని కూర్చొని గుడ్డు పెట్టింది.

బ్రహ్మదేవుడు పుట్టాల్సిన చోట గుడ్డు! "బ్రహ్మాండం! బ్రహ్మాండం!" అంటూ వీధి వీధంతా వచ్చి పడింది. కోడికి కూడా బొట్టు పెట్టారు. అవ్వ ఇక దాన్ని కోయనని ఒట్టేసింది. టెంకాయలు, హారతులు, భజన. వచ్చినవాళ్లందరికీ నా కల చెప్పాలి. చెప్పే కొద్దీ స్వామి మాటలు పెరిగి, చీకటి పడేసరికి నాకు రాని సంస్కృతం కూడా మాట్లాడాడు. ఆ రోజు గవ్వలు తెచ్చిన మీరు తాళాలు వాయించి పోలేదూ?

సోమవారం చిన్న ఈరన్న వచ్చాడు. స్వామిని చూసి పార కింద పడేశాడు.

"నేను ముట్టనప్పా. పిల్లలు గలోణ్ణి."

నా ఆనందం ఏమని చెప్పను! అంతలో శివజ్యోతి తలస్నానం చేసి, తడి జుట్టుతో జనం మధ్యకు వచ్చింది.

"రాత్రి స్వామి నాకూ కల్లో కనబడినాడు."

"ఏమన్నాడు?"

"'పూజలన్నీ అయిపాయె గదమ్మా. వినాయకుణ్ణి నిమజ్జనం చేస్తారే, నన్నొక్కణ్ణే ఎందుకు ఎండబెడ్తాండారు?' అని ఏడ్చినాడు."

"నిమజ్జనానికి ఇప్పుడు నీళ్లు యాడుండాయి?"

"నేనూ అదే అడిగినా. 'సిమెంటు కలిపే నీళ్లు చాలు' అన్నాడు."

"దేవుడు యాడన్నా సిమెంటు గురించి మాట్లాడ్తాడా?"

"నీతో ఇసుక గురించి మాట్లాడినాడు గదా!"

ఏం చెప్పమంటారు? ఆవిడ కల అబద్ధమనాలంటే ముందు నా కల అబద్ధమనాలి. చుట్టూ వీధంతా చేతుల్లో టెంకాయలతో నిలబడి ఉంది.

"అవునప్పా, స్వామికి శానా ఎండగా ఉన్నట్టుండాది" అన్నాను.

మొదటి పార నా చేతనే వేయించమని కూడా స్వామి ఆవిడకు చెప్పాడట. వేశాను. "గోవిందా, గోవిందా" అంటూ వీధంతా ఇసుక తట్టలు మోసింది. కొట్టు లేచింది. గోడల్లో స్వామి ఉన్నాడని ఊళ్లో ఆడవాళ్లంతా జాకెట్లు అక్కడే ఇస్తున్నారు. చెప్పులు బయట విడవాలి, గవ్వలు లోపలికి తేకూడదు. పని ఎక్కువయ్యేసరికి స్వామి మళ్లీ ఆవిడ కల్లోకి వచ్చి, 'నా భక్తునికి హుక్కులు కుట్టడం నేర్పు' అన్నాడు.

ఈ పొద్దున తెగించాను. "రాత్రి స్వామి నా కల్లోకొచ్చి, ఈ దినం నీకు సెలవు అన్నాడే!" అన్నాను.

ఆవిడ తలెత్తకుండా పళ్లతో దారం కొరికింది.

"నాకూ చెప్పినాడులేయ్యా. 'ఊరికే పరీక్షకు నీ మొగునికి సెలవన్నా, ఏం జేస్తాడో చూడు' అన్నాడు. ఆ గులాబి జాకెట్టు అందుకో."

అందుకున్నాను. ఇదిగో, ఇదే ఆ జాకెట్టు. సాయంత్రానికి ఇచ్చేయాలి. నా వంతు గవ్వలు కూడా మీలో ఎవరైనా వేయండప్పా.