హంసిని బోటులో బిగిసిన సీట్లు

కొత్తరేవు జలవిహార శాఖ వారి పాత మోటారు బోటు ‘హంసిని’లో సీట్లు బిగుసుకుపోయాయి కాబట్టి, వాటిలో కూర్చున్న మనుషులే సీటుకు తగ్గట్టు పొడవో పొట్టో అయ్యేవారు. దీనికి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఒకప్పుడు కిందున్న మీట లాగితే సీటు పట్టాల మీద ఒక్కో గంటే ముందుకూ వెనక్కూ జరిగేది. తుప్పు పట్టి జరగడం మానేసింది. ఎవరో ఒకరు జరగాలి కదా.

బోటు నడిపే సరంగు మల్లాడి నూకరత్నం పొట్టి మనిషి. గోదావరిలో ఇసుక మేట ఎక్కడ లేచిందో నీటి రంగు చూసి చెప్పగలదు. ఆమెకు ముందు పనిచేసిన సరంగు తాటిచెట్టంత ఉండేవాడు. సీటు అతని కొలతకే, బాగా వెనక్కి జరిగి ఆగిపోయింది. నూకరత్నం అందులో కూర్చోగానే కాళ్లూ చేతులూ సాగి స్టీరింగుకు అందేవి. దిగాక సాయంత్రానికి మళ్లీ తన పొడవుకు వచ్చేది. శాఖ వారు ఆమెకు రెండు కొలతల్లో యూనిఫారాలు మంజూరు చేశారు. చిన్నదాన్ని దిగాక రేవులో సంతకం పెట్టి తీసుకోవాలి.

పక్క సీటు సంగతి దీనికి తలకిందులు. అది బాగా ముందుకు వచ్చి, వీపు పలక వంగి బిగిసింది. అందులో కూర్చున్నవాళ్లు కుంగిపోయి, మెడ వంచుకుని దిగేవారు. లంక గ్రామాల నుంచి అర్జీలు పట్టుకుని వచ్చేవారిని మేనేజరు చయనులు గారు ఆ సీటులోనే కూర్చోబెట్టి ఏటి మీద ఒక చుట్టు తిప్పించేవారు. తిరిగి రేవుకు వచ్చేసరికి వాళ్ల గొంతు మరీ సన్నబడిపోయేది. వినాలంటే ఆయన వంగాలి. ఆయనకేమో నడుంనొప్పి. అందుకని చాలా అర్జీలు వినకుండానే ఉండిపోయేవి.

ఆ ఏడు వానాకాలంలో నూకరత్నం కాళ్లు వెనక్కి రావడం మానేశాయి. ఇంటి గుమ్మం నుదుటికి కొట్టుకుంది. ఆమె భర్త వీరాస్వామి రేవు పక్కన టిఫిన్ బండి నడుపుతాడు. పొద్దున్నే ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని రేవు దాకా నడవడం అతనికి పెళ్లయిన కొత్త నుంచీ అలవాటు. ఇప్పుడా చెయ్యి ఆమె మోచేతి దగ్గరే ఆగిపోయింది.

“ఇంకింతేనంటావా?” అన్నాడు కాసేపు నడిచాక.

“ఇంతేంటి? సీటు కదిలిత్తే సరి,” అంది నూకరత్నం. ఏ ఇంజనూ ఆమె చేతిలో మొండికేసి నెగ్గింది లేదు. సీటొక లెక్కా అనుకుంది.

అనుమతి కోసం మేనేజరు గారి గదికి వెళ్లింది. ఆమె ముఖం చూడ్డానికి ఆయన తల ఎత్తాల్సి వచ్చింది. అది ఆయనకు నచ్చలేదు.

“సీటు శాశ్వతం, నూకరత్నం. నువ్వు కాంట్రాక్టు. దాన్ని జరపాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. నిన్ను జరపడానికి నా సంతకం చాలు.”

“మరైతే ఆదివారం బోటు ఖాళీయే కదండి. నేనే ఓ చూపు చూత్తానండి.”

“చూసుకో. నేను మాత్రం నిన్ను చూడలేదు,” అన్నారాయన, మళ్లీ తల ఎత్తకుండా.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ సీటు కింద బోర్లా పడుకుని టార్చి వేసి చూశారు. పట్టాల నిండా ఎండిన ఒండ్రు, నత్తగుల్లలు, ఎవరో పారేసుకున్న గాజు ముక్కలు. వీరాస్వామి సుత్తి తీశాడు.

“కొట్టమాక. పట్టా వంగిపోద్ది,” అని ఆపింది.

ముందు మంచినీళ్లతో ఒండ్రు కడిగించింది. తుప్పును బ్రష్షుతో గీకి, పలచటి నూనె కొట్టి, నాననిచ్చింది. మీట లాగి చూస్తే ఒక పక్క గొళ్లెం విడుస్తోంది, రెండో పక్కది విడవడం లేదు. రెండింటినీ కలిపే తీగ తెగింది. కొత్త తీగ ముడేసి, తాను సీట్లో కూర్చుని మీట లాగి పట్టుకుంది. వీరాస్వామి వెనక నుంచి పిల్లాణ్ణి ఉయ్యాల ఊపినట్టు కొంచెం అటూ, కొంచెం ఇటూ ఊపాడు. పట్టా కిర్రుమంది. సీటు ముందుకు జరిగింది. దాంతోపాటే ఆమె కాళ్లు లోపలికి రావడం ఇద్దరూ చూశారు.

“ఇక్కడాపనా?”

“ఇంకాత్త.”

“ఇప్పుడో?”

అసలు తానెంత ఉండేదో ఆమెకు సరిగ్గా గుర్తులేదు. అయినా అరికాళ్లు నేలకు ఆనగానే మీట వదిలేసింది. ఇంటికి వెళ్లేటప్పుడు అతని చెయ్యి ఆమె భుజం మీద కుదురుగా కూర్చుంది. ఆ ఉత్సాహంలో మర్నాడు పొద్దున్నే పక్క సీటు కూడా విడిపించి, గ్రీజు పెట్టింది.

చయనులు గారు వచ్చి, రెండు సీట్లనూ ముందుకూ వెనక్కూ జరిపి చూశారు.

“మంచి పని చేశావు. నీ సీటు నీ కొలతకే ఉంచుకో. పక్క సీటు మీట మాత్రం నా మాట మీద కదలాలి.”

ఆ వారమే పూలలంక నుంచి గంటా దేవమణి వచ్చింది. ఎత్తరి. కంచులాంటి గొంతు. బడికెళ్లే పిల్లల నాటు పడవ వరదలో రెండుసార్లు తిరగబడిందని, ఒడ్డు నుంచే అందరికీ వినబడేట్టు చెప్పింది. ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి బోటు తీశారు. వెనక బెంచీ మీద మేనేజరు గారు.

“మా పిల్లలకి రోజూ మోటారు బోటు కావాలండి.”

“ఒక గంటు ముందుకు,” అన్నారు చయనులు గారు.

నూకరత్నం చెయ్యి మీట మీదే ఆగింది. నీళ్లకేసి చూసింది.

“నీ సీటు కూడా ఒకసారి సరిచూద్దామా?” అన్నారాయన మామూలుగానే.

మీట లాగింది. సీటు వెన్నలా జరిగింది. దేవమణి ఆమె భుజం దాకా దిగింది.

“పోనీ, వరదల్లోనన్నా పంపండి.”

ఇంకో గంటు.

“పట్టుకోడానికి... గట్టి తాడన్నా ఇప్పించండి.”

“అర్జీ సమంజసంగా ఉంది,” అని రాసుకున్నారు మేనేజరు గారు. ఈసారి ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. వంగాల్సిన పనే లేకపోయింది.

రేవులో నూకరత్నం దిగి, తన నడుము దాకా ఉన్న దేవమణికి చెయ్యి అందించింది.

“కిందటేడు మా మరిది వచ్చినప్పుడు మెడ పట్టేసిందన్నాడండి. నాకసలు నొప్పే తెలవలేదు,” అంది దేవమణి సన్నగా.

“పట్టాలకి గ్రీజు రాశానండి,” అని, ఆమెను జాగ్రత్తగా ఎత్తి ఒడ్డున పెట్టింది నూకరత్నం.