అర్జీకి జవాబొచ్చింది, జాగ్రత్త!

పాఠక మహాశయులారా! సర్కారు మన అర్జీలను చదవకుండా చెత్తబుట్టలో వేస్తుందని మీరంతా గోల పెడుతున్నారు. తెలివితక్కువ గోల! అర్జీకి జవాబు రాకపోవడమంత అదృష్టం మనిషికి ఇంకొకటి లేదు. జవాబు వచ్చిందా, కొంప మునిగిందన్నమాటే!

వెనకటివాళ్ళు ఎంత సుఖపడ్డారు! పోయిన శతాబ్దంలో శిస్తు మోయలేకపోతున్నామని, ఉప్పు కొనలేకపోతున్నామని మన తాతలు ఏకంగా లండన్ పార్లమెంటుకే అర్జీ పెట్టుకునేవారు. ఊళ్ళకు ఊళ్ళు వేలిముద్రలు వేసిన ఆ కాగితం బండెక్కి, పడవెక్కి, ఓడెక్కి వెళ్ళేది. ఓడ తిరిగి వచ్చేది గాని జవాబు వచ్చేది కాదు. అయితేనేం? "రేపో మాపో దొరల సీమ నుంచి కబురొస్తది" అనుకుంటూ అర్జీదారుడు ఆఖరి శ్వాస దాకా ఆశతో బతికేవాడు. ఏ డాక్టరు ఇవ్వగలడండీ అంత మంచి మందు?

మరి ఇప్పుడో? స్వరాజ్యం వచ్చింది. పొద్దున పోస్టు చేసిన అర్జీ రెండోనాటికల్లా పై ఆఫీసులో ఉంటోంది. అంతటితో ఆగినా బాగుండేది. కొందరు ఆఫీసర్లు దాన్ని చదువుతున్నారు కూడా!

చదివితే ఏమవుతుందంటారా? దర్జీ కాలేషాకు ఏమైందో వినండి.

కాలేషాది గురజాలకూ మాచర్లకూ మధ్య, నాపరాళ్ళు తప్ప మరేదీ పుష్కలంగా పండని ఊరు. ఆ ఊరి ఆసుపత్రికి డాక్టరు లేడు. ఉన్నదల్లా నర్సు ప్రేమకుమారి. ఆమె రాకముందు కాలేషా భార్య ముంతాజ్‌కు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. సరిగ్గా అప్పుడే నర్సమ్మను బదిలీ చేస్తారని పుకారు పుట్టింది. ఆ బెంగలో కాలేషా కరణంగారి చొక్కాకు జేబు వీపు మీద కుట్టాడు.

ఇక లాభం లేదని బస్సెక్కి నరసరావుపేట వెళ్ళి, కోర్టు ముందు అర్జీలు రాసే ఏలియాను పట్టుకున్నాడు. ఏలియా సామాన్యుడు కాడు! లండన్‌కు అర్జీ రాసిన తాతగారి శైలి అతనికి ఆస్తిగా సంక్రమించింది. ముందు కాళ్ళ మీద పడాలి, తరువాత ఆకాశానికెత్తాలి, అసలు కోరికను ఎక్కడో అడుగున సిగ్గుపడుతూ చెప్పాలి. ఇదీ ఆ శైలి.

"బదిలీ ఆపమని రెండు ముక్కలు రాయండి ఏలియాగారూ, చాలు."

"రెండు ముక్కలా! నువ్వు చొక్కాకి రెండు కుట్లేసి తొడుక్కోమంటావా?" అని కసిరి ఏలియా నాలుగు ఠావుల కాగితం నింపాడు. ప్రేమకుమారి గుమ్మం తొక్కగానే జ్వరములు సెలవు పుచ్చుకొనుచున్నవట. మృత్యువు ఆ ఊరి పొలిమేర దాటుటకు జంకుచున్నదట. చదివి వినిపిస్తుంటే కాలేషాకే కళ్ళు చెమర్చాయి. ఊరంతా వేలిముద్రలు వేసింది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది!

పై అధికారి నాలుగు ఠావులూ చదివాడు. కదిలిపోయాడు. ఇంత గొప్ప నర్సు ఆ రాళ్ళ మధ్య పడి ఉండటమా? ప్రమోషన్ ఇచ్చి గుంటూరు వేశాడు, వెంటనే వచ్చి చేరమన్నాడు. అడుగున సిగ్గుపడుతూ కూర్చున్న కోరిక ఆయన కంటపడలేదు. అప్పటిదాకా ఒట్టి పుకారుగా ఉన్న బదిలీ, కాలేషా అర్జీతో ఖాయమైపోయింది.

చూశారా, జవాబు ఎంత పని చేసిందో?

కాలేషా పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. ప్రేమకుమారి ఆర్డరు చేత్తో పట్టుకుని మండిపడుతోంది. ఆమె భర్త దేవదాసు దగ్గర్లోనే నడికుడి రైలు స్టేషన్లో గుమాస్తా. గుంటూరు ఆమెకూ అక్కర్లేదు.

"నిన్నెవరు పొగడమన్నారయ్యా నన్ను?"

"తప్పయింది నర్సమ్మా. ఇప్పుడేంది దారి?"

"ఫిర్యాదుంటే ప్రమోషన్ ఆపుతారు. నన్ను తిడుతూ ఇంకో అర్జీ పెట్టండి."

ఆ సాయంత్రమే ఏలియాను ఊరికి తీసుకొచ్చారు. ఆసుపత్రి అరుగు మీద జనం కూడారు. ఏలియా కలం తీసి, "ఈమె చేసిన తప్పులేందో చెప్పండి" అన్నాడు. ఊరంతా తప్పుల కోసం బుర్ర గోక్కుంది.

"మందు చానా చేదుగా ఇస్తది" అన్నాడొకడు చివరికి.

"అర్ధరాత్రి పిలవబోతే..." అంది ఒకావిడ.

"రాదా?" ఏలియా ముఖం వెలిగిపోయింది.

"ఎందుకు రాదు? వస్తది. ఇంతసేపు ఏం చేస్తున్నారని మనల్నే తిడతది."

అప్పుడు కాలేషా తల్లి కరీమున్నీసా ముందుకొచ్చింది. "నేను చెప్తా, రాసుకో. నా జర్దా డబ్బీ పెంటకుప్పలో పారేసింది. చేతులు కడుక్కోందే కోడల్ని తాకొద్దని, నా ఇంట్లో నన్నే బయటికి తరిమింది. పెద్దంతరం చిన్నంతరం ఉందా ఈమెకి?"

అందరూ నవ్వారు. కరీమున్నీసా నవ్వలేదు.

ఏలియాకు ఊపొచ్చింది. 'రోగుల రక్తము పీల్చు రాక్షసి' అని మొదలుపెట్టాడు. ప్రేమకుమారి కాగితం లాక్కుంది.

"రాక్షసినంటే ఉద్యోగమే ఊడుద్ది. లంచమని రాస్తే జైలుకి పోతా. మరీ చప్పగా రాస్తే ఎవరూ పట్టించుకోరు. నోటి దురుసు, పెద్దలంటే లెక్కలేదు, అంతే రాయండి. డోసు సరిపోద్ది. నిజమే కాబట్టి మీకు పాపం కూడా రాదు."

తన మీద ఫిర్యాదుకు తానే మోతాదు చూసి ఇచ్చిన ఉద్యోగిని మీరెక్కడన్నా విన్నారా?

నర్సమ్మ మూట కట్టకముందే దానికీ జవాబొచ్చింది! ఈసారి ఏకంగా జీపెక్కి వచ్చింది. జీపు దిగిన ఆఫీసరు ఎండకు నెత్తిన రుమాలు కప్పుకుని, కాలేషాను పిలిచి, "ఈవిడ నిన్ను తిట్టిందా?" అని అడిగాడు.

ఇంట్లో ముంతాజ్‌కు రేపో ఎల్లుండో అన్నట్టుంది. "తిట్టింది సార్. నా భార్యకి రోజూ పాలు పొయ్యకపోతే నా కాళ్ళిరగ్గొడతానంది."

ఆఫీసరు ముఖం మెత్తబడింది. "మంచిదేగా?"

అయిపోయింది! మళ్ళీ గుంటూరే! అంతలో కరీమున్నీసా అడ్డమొచ్చి, జర్దా డబ్బీ వ్యవహారమంతా ఏకరువు పెట్టింది. ఆ సాక్ష్యంలో నటన లేదు. ఆ కోపం పుట్టిన నాటి నుంచి చల్లారలేదు.

ఆఫీసరు ప్రేమకుమారి వైపు తిరిగి గర్జించాడు. "పెద్దావిడతో ఇట్లాగా ప్రవర్తించేది? ప్రమోషన్ రద్దు! గుంటూరు పోయి ఫ్యాను కింద కూర్చుందామనుకున్నావా? నీలాంటివాళ్ళకి ఈ ఊరే సరైన శిక్ష. ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండు!"

ప్రేమకుమారి తల వంచుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. పశ్చాత్తాపమనుకున్నాడు ఆఫీసరు. జీపు లేపిన దుమ్ము అణగకముందే ఊళ్ళో ఈలలు మోగాయి. ఆ వారంలోనే ముంతాజ్ ప్రసవించింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. నర్సమ్మ చేతులు కడుక్కురమ్మంటే ఈసారి కరీమున్నీసా గొణుక్కుంటూనైనా వెళ్ళి కడుక్కొచ్చింది.

కోరింది దక్కింది కదా, ఇంకేం కావాలి అంటారు మీరు. కాలేషా కూడా అదే అనుకున్నాడు. కానీ మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్న కరీమున్నీసా చాలాసేపటి నుంచి ఏదో ఆలోచిస్తోంది.

"ఒరేయ్ కాలేషా, ఆ ఆఫీసరు నర్సమ్మకి శిక్షని ఏమేశాడ్రా?"

"ఇంకో మూడేళ్ళు మనూళ్ళో ఉండమన్నాడమ్మా."

"నోటి దురుసుకి మూడేళ్ళు." ఆమె పసిదాని ముఖంలోకి చూసింది. "మరి ఈ ఊళ్ళోనే పుట్టిన దీనికెన్నేళ్ళేశార్రా? ఇదింకా మాటన్నా నేర్వలేదే!"