లావు గీత

ఆ ఉదయం ఎలక్ట్రానిక్స్ కంపెనీ నడిపే బ్రహ్మచారి పథకం చాలా చిన్నది. పదింటికి కడోదరాలోని బట్టల మిల్లులో తన పెట్టె చూపించాలి, పదకొండుకు మిల్లు యజమాని సేఠ్‌ను ఒప్పించాలి, పన్నెండుకు అదే మిల్లులో మగ్గం నడిపే తండ్రి రఘుపతితో కూర్చుని సద్ది తినాలి.

మగ్గం మీద పోగు తెగగానే సూపర్‌వైజర్ గదికి రేడియోతో కబురు పంపే పెట్టె అది. లోపలి బోర్డు మీద చిప్పు నుంచి యాంటెన్నాకు ఒక సన్నని రాగి గీత పోతుంది. దాని వెడల్పు యాభై ఓమ్‌ల లెక్కకు కుదరాలి. కుదరకపోతే సిగ్నల్ యాంటెన్నాలోకి పోకుండా వెనక్కి తిరుగుతుంది. ఆ లెక్క కట్టింది బ్రహ్మచారి దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు భావన. ఉద్యోగం ఖాయం కావడానికి ఆమెకింకా నెల ఉంది.

బోర్డు తయారీకి పోయే ముందురోజు రఘుపతి తన కొడుకు ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"ఏందిరా, గింత సన్నగుంటె తెగదా? జర లావు చెయ్."

బ్రహ్మచారి నవ్వాడు గానీ, మగ్గాల ఇంట పుట్టిన చెయ్యి ఊరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా గీతను ఐదింతలు లావు చేశాడు. ఆఫీసు బల్ల మీద నాలుగడుగుల దూరానికి పెట్టె బాగానే పలికింది.

మిల్లులో రఘుపతే స్వయంగా పోగు తెంపాడు. సూపర్‌వైజర్ గదిలో కబురు దీపం వెలగలేదు. బ్రహ్మచారి బ్యాటరీని తిట్టి కొత్తది వేశాడు. వెలగలేదు. మోటార్ల గోల అన్నాడు. సేఠ్ నలభై మగ్గాలు ఆపించాడు. రేకుల షెడ్డు అడ్డమన్నాడు. పెట్టెను వెదురుకర్రకు కట్టి పైకెత్తారు. ఇక తిట్టడానికి వస్తువులు మిగల్లేదు.

"లెక్క ఈ అమ్మాయిది, సేఠ్‌జీ," అనేశాడు పక్కనున్న భావనను చూపించి.

భావన కళ్లలో నీళ్లు తిరిగాయి. "లెక్క పక్కా ఉంది సార్. మూడుసార్లు చెక్ చేశాను." ఆమె మరలు విప్పి బోర్డు చూసింది. "ఇది నా గీత కాదు."

రఘుపతి మొహం వెలిగిపోయింది. "అది నేను చెప్పిందే బిడ్డా! సన్నగుంటె తెగుతదని లావు చేయించిన. ఎట్లుంది?"

"క్యా బోలా?" అన్నాడు తెలుగు రాని సేఠ్.

"సార్ చెప్తారు," అంది భావన.

ఏ అబద్ధమైనా చెప్పవచ్చు. కానీ తండ్రి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు, భావన నేల చూస్తోంది. బ్రహ్మచారికి సిగ్గుతో చెవులు మండాయి. ఇంత నీచంగా తానెప్పుడూ ప్రవర్తించలేదు.

"గల్తీ మేరీ హై," అన్నాడు. లెక్క సరైనదేననీ, గీత మార్చింది తానేననీ హిందీలో అందరికీ వినబడేలా చెప్పాడు. భావనకు చేతులు జోడించాడు.

సేఠ్ ఆగిన మగ్గాలను చూసి నిట్టూర్చాడు. వారం గడువిచ్చి, ఈసారి మేడమ్ ఒక్కతే వస్తే చాలన్నాడు.

సద్ది విప్పుతూ, హిందీ అంతంతమాత్రమే వచ్చిన రఘుపతి అడిగాడు. "సేఠుకు నా పేరు చెప్పినవారా?"

"లేదు బాపూ. నా పేరే చెప్పిన."

కష్టం తనదీ, పేరు కొడుకుదీ అయినందుకు రఘుపతి ఆ పూట సరిగా తినలేదు.

వారానికి కొత్త బోర్డు వచ్చింది. దాని మీద సన్నని గీత పక్కన భావన చిన్న తెల్ల అక్షరాల్లో అచ్చు వేయించింది: ఇది దారం కాదు.