చిలకలగూడ కేకుపర్వం

స్వస్తిశ్రీ సర్వర్‌డౌన్ నామ సంవత్సరాన, జనవరి ఒకటో తేదీ పొద్దున, రాత్రి పార్టీ బెలూన్లు ఇంకా గాలి దిగని సికింద్రాబాద్ మహాపట్టణంలో, స్టేషన్ వెనక చిలకలగూడ సీమలో జరిగిన ఘోరసంగ్రామం చెప్తా, వినండి.

ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు ‘చేదోడు’ అని ఒక సంఘం. వాళ్లు పనికి పోతే పసిపిల్లల్ని చూసుకునే ఒంటిగది క్రెష్ దాని సామ్రాజ్యం. సెక్రటరీ కల్పలత, అవిశ్రాంత జిరాక్సుధారిణి, అప్‌లోడ్‌శ్రమక్లాంతనయన. ఎందుకు గుమిగూడుతున్నరు, మిమ్మల్ని ఎవరు పంపిన్రు అంటూ ఏడాదంతా నోటీసుల శరపరంపర కురిపించిన సర్కారు ఆఖరికి బ్రహ్మాస్త్రం వేసింది: ఈ వారంలో జనరల్ బాడీ మీటింగ్ పెట్టాలి. లేకుంటే రిజిస్ట్రేషన్ రద్దు, క్రెష్‌కు తాళం.

మీటింగ్ పర్మిషన్‌కు పోతే పోలీసులేమో ముందు హాల్ బుకింగ్ చూపియ్యమన్నరు. హాల్ యజమాని నరసరాజు, భయకంపితాంగుడు, “మీటింగా? ముందు పోలీసు పర్మిషన్ తెండమ్మా” అన్నాడు. కంప్యూటర్ కోడ్‌లో ఇట్లా తిరిగిందే తిరిగే లూప్ రాస్తే ఉద్యోగం ఊడుతది. ఆఫీసుల్లో రాస్తే ప్రమోషన్.

“పోనీ, పుట్టినరోజుకైతే?” అని అడిగింది కల్పలత.

“దానికెందుకమ్మా పర్మిషను! నురగ స్ప్రే మాత్రం కొట్టకండి, గోడలు పాడైపోతాయి.”

కేకు వచ్చింది, సభ్యులొచ్చిన్రు, తీర్మానం చదవడం షురూ అయింది. అప్పుడే లాఠీవిరాజితహస్తుడు కానిస్టేబుల్ ఓంప్రకాశ్ గుమ్మంలో ప్రత్యక్షమైండు.

“ఏందీ గుంపు? మీటింగా?”

“బర్త్‌డే సార్.”

“ఎవరిది?”

హతవిధీ! వ్యూహరచనాధురంధర కల్పలత కేకు మీద పేరు రాయించుడు మర్చిపోయింది.

అంతట శ్యామలమ్మ, శతపాత్రప్రక్షాళనకర్కశపాణి, లేచి నిలబడింది. “నాది.”

“ఆధార్ చూపియ్.”

చూపింది. జనవరి ఒకటి.

“నాది సుత గియ్యాలనే సార్” అని సుబ్బులు లేచింది. ఆ వెంటనే కొంగుముడుల ఒరల్లోంచి సర్రుమని ఖడ్గాల్లా ఆధార్ కార్డులు బయటికొచ్చినయ్. అన్నిట్లో అదే తేదీ.

“ఏం మజాకా? అందరు ఒక్కదినమే పుట్టిన్రా?”

శ్యామలమ్మ సింహనాదం చేసింది: “నేను పుట్టిన్నాడు వాన పడ్డదని మా అమ్మ చెప్పేది, తేదీ ఆమెకు ఎర్క లేకుండె. తేదీ తెల్వనోళ్లందరికీ కంప్యూటర్ల గిదే కొట్టింది మీ సర్కారే. ఒక్కనాడే పుట్టిచ్చి, ఒక్కతాన కూసోనియ్యరా? కేకు తిను బిడ్డా.”

“మా అమ్మది సుత గిదే తేదీ” అని గొణిగి, ఓంప్రకాశ్ కుర్చీ లాక్కున్నడు. ఆయన నోటినిండా కేకు ఉన్న ఆ శుభలగ్నంలో కల్పలత అడిగింది: “ఒప్పుకునేటోళ్లు చేతులెత్తండి.” క్రీము అంటిన చేతులన్నీ లేచినయ్.

సర్వర్ లేచినంక తీర్మానం అప్‌లోడయింది, క్రెష్‌కు తాళం పడలే. సర్కారు పెట్టమన్న మీటింగును సర్కారుకు తెలియకుండా పెట్టుకున్న ఆ వీరవనితలకు జయము, జయము! గోడలు సుత ఖరాబు కాలే.