చేపకు రెండో పక్క

మా దాన్‌షా రేవుకు వచ్చే సరుకు ఓడల మీద నిబంధనలు మితిమీరిపోయాయని కొందరు గగ్గోలు పెడుతున్నారు. వారితో నేను ఏకీభవించను. ఉన్న నిబంధనలు చాలడం లేదు. ఇంకా కావాలి. ఓడ రేవులోకి రావడం ఎంత కష్టమైతే ఊరికి అంత క్షేమమని సహేతుకంగా నిరూపించడానికే ఈ వ్యాసం.

నా అర్హతలు అడుగుతారేమో. ఉద్యోగ జీవితమంతా ఈ రేవు ప్రయోగశాలలో సముద్రపు నీటిని పరీక్షిస్తూ గడిపాను. పదవీ విరమణ తరువాత సాంస్కృతిక భవనంలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాను. క్రమం తప్పక వచ్చే శ్రోతలు ముగ్గురున్నారు. అందులో ఒకాయన ఫ్యాను కోసం వస్తారు. కనుక నా మాటల్లో ఆవేశం ఉండదు, ఆధారం ఉంటుంది.

మొదట ఎలుకల విషయం తీసుకుందాం. గట్టుకు కట్టిన ప్రతి తాడుకూ పళ్ళెమంత గుండ్రటి రేకు తగిలించాలని నిబంధన. విదేశీ ఎలుక తాడు మీదుగా ఊళ్ళోకి దిగకూడదని దాని ఉద్దేశం. అయితే ఆ రేకు వల్ల మన ఎలుక కూడా ఓడ ఎక్కలేకపోతోందని ఎవరైనా గమనించారా? వలసలు ఆగాయి. కుటుంబాలు నిలిచాయి. మా వీధి గోదాముల్లో నాలుగు తరాల ఎలుకలు ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయంటే ఆ ఘనత ఎవరిది?

ఓడ నిలకడ కోసం అడుగున నింపుకొచ్చే నీటి సంగతి చూడండి. అది ఏ సముద్రంలో ఎక్కింది, ఏ వేళకు ఎక్కింది, అప్పటి ఉప్పదనమెంత, అన్నీ చెప్పాలి. మా ఇంటి కుళాయి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో అధికారులను ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మనుషులు తాగే నీటికి లేని వంశవృక్షం ఓడ పారబోసే నీటికి ఉంది. ఇది నాగరికత కాదా?

ఇక జెండా. మాసిన జెండాతో రేవులోకి రాకూడదు. ఆ మధ్య ఒక కెప్టెన్ జెండాను ఉతికించాడు. ఉతికిన సబ్బునీళ్ళు సముద్రంలో పోయకూడదని మరో నిబంధన. గట్టు మీద పోయాలంటే రేవులోకి రావాలి. రేవులోకి రావాలంటే ఓడలో మురికినీరు మిగలకూడదు. ఆ బకెట్టు నేటికీ సముద్రయానం చేస్తూనే ఉందని విన్నాను. ఒక బకెట్టుకు ఇంతకంటే గొప్ప జీవితం ఎవరు ఇవ్వగలరు?

అనుమతి కోసం దూరంగా లంగరు వేసుకుని పడిగాపులు పడే ఓడల వల్లనే కదా, మా సముద్రపు గోడ మీద కూర్చునే ప్రేమికులకు చూడటానికి దీపాలు దొరుకుతున్నాయి! ఆ ఓడలన్నీ చకచకా లోపలికి వచ్చేస్తే పాపం ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. ఎన్ని సంబంధాలు తప్పిపోతాయో ఊహించండి.

నా సిద్ధాంతానికి తిరుగులేని రుజువు మాత్రం మొన్నటి 'పింగ్‌ఫెంగ్' ఓడ ఉదంతం.

ఆ ఓడలో వంటవాడు తావ్ గ్వాంగ్‌షెంగ్ మా పై వాటాలో ఉంటాడు. అతని భార్య చ్యావ్‌యున్ వీధి మొగలో నూడిల్స్ కొట్టు నడుపుతుంది. వాళ్ళ ఒక్కగానొక్క అమ్మాయి రుయికి ఆ శనివారం పెళ్ళి. మాలో పెళ్ళంటే విందు కాదు, మేళం కాదు. అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని అత్తమామలకు ఎర్ర ఖర్జూరం వేసిన తేనీరు అందించి, అంతవరకూ అంకుల్, ఆంటీ అన్న నోటితో మొదటిసారి 'నాన్నా', 'అమ్మా' అని పిలవాలి. వాళ్ళు ఆ పిలుపు అందుకుని తాగాలి. అది జరగకపోతే మిగిలినదంతా భోజనాల కార్యక్రమమే.

ఓడ బుధవారమే వచ్చి కనుచూపు దూరంలో లంగరు వేసింది. చ్యావ్‌యున్ మేడ మీద బట్టలు ఆరేస్తూ దాన్ని చూసి, ఆరిన బట్టలనే మళ్ళీ ఆరేసింది.

గురువారం తనిఖీ పడవ వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ పాంగ్ లీవెయ్ చిన్న వయసు అమ్మాయి, నిక్కచ్చి మనిషి, మా జాలరిపేట పిల్లే. నీరు, ఎలుకలు, జెండా, మందుల పెట్టె, అన్నీ సవ్యంగా ఉన్నాయి. చివరిగా భోజనాల గదిలోకి అడుగుపెట్టింది. బల్ల మీద మూరెడు చేప. ఇంటికి వస్తున్న సంబరంలో తావ్, కిందటి విదేశీ రేవులో కొన్న చేపను అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద వండి సిద్ధంగా పెట్టాడు.

ఇక్కడే కొత్త నిబంధన ఒకటి రంగప్రవేశం చేసింది. విదేశాల్లో కొన్న ప్రతి ఆహార పదార్థాన్నీ రెండు పక్కలా ఫోటో తీయాలి. ఆ ఫోటోలు ఆమోదం పొందేదాకా ఎవరూ దాన్ని తినకూడదు. క్యాబేజీలకు తీశారు. గుమ్మడికాయలకు తీశారు.

"తావ్ బాబాయ్, చేప రెండో పక్క చూపించు," అంది లీవెయ్.

"ఎలాగమ్మా చూపించేది?"

"ఎలాగేముంది, దాన్ని..." అని ఆ పిల్ల నోరు మూసుకుంది.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళు పళ్ళెంలోని చేపను తిరగెయ్యరు. ఇక్కడ చేప తిరగబడితే అక్కడ సముద్రంలో ఓడ తిరగబడుతుందని భయం. ఆ మాటను నోటితో కూడా అనరు. పై పక్క తినేసి, వెన్నుముల్లు ఊడదీసి పక్కన పెట్టి, కింది పక్క తింటాం. ఇంట్లో వంటగదిలోనే ఇంత పట్టింపు ఉంటే, నడి నీళ్ళ మీద, నిజం ఓడలో, ఎవరికి చేతులొస్తాయి?

"మీరే కానివ్వండమ్మా, చట్టం మీ చేతిలోనే ఉంది కదా," అన్నాడట కెప్టెన్.

"చట్టం నా చేతిలో ఉంది. చాప్‌స్టిక్స్ మీ చేతిలో ఉన్నాయి."

"నా ఓడ మీద నిలబడి నా ఓడనే... ఆ మాట నాతో అనిపించకండి."

"నేను కూడా దీని మీదే నిలబడ్డానండీ. నాకు ఈత రాదు."

మార్గాలు లేవనుకోకండి, వెతికారు. ముల్లు తీసేద్దామంటే పై పక్క తినాలి. ఆమోదం లేకుండా తినకూడదు. సముద్రంలో పారేద్దామంటే రేవు నీళ్ళలో చెత్త వేయకూడదు. గాజు పళ్ళెంలోకి జరిపి కింద నుంచి ఫోటో తీద్దామంటే ఓడలో గాజు పళ్ళెం లేదు. ఒడ్డు నుంచి తెప్పిద్దామంటే అనుమతి రాని ఓడలోకి బయటి వస్తువు ఎక్కకూడదు. ఎంత అందమైన వ్యవస్థ! ప్రతి నిబంధనా పక్క నిబంధనకు కాపలా కాస్తోంది. ప్రకృతిలో తేనెపట్టు తరువాత ఇంతటి నిర్మాణాన్ని నేను చూడలేదు.

అయితే నిపుణుడు ఎక్కవచ్చునట. అలా నాకు ఫోను వచ్చింది.

"మాస్టారూ, మీకు ఈ పట్టింపులేవీ లేవు కదా?" అంది లీవెయ్.

"శాస్త్రరీత్యా లేవమ్మా."

"హమ్మయ్య. అయితే మీరే రావాలి."

చ్యావ్‌యున్ నన్ను పడవ దాకా సాగనంపింది. "మాస్టారూ, ఏం చేస్తారో నాకు తెలీదు. ఆ చేపను మీరేదో చేసి మా ఆయన్ని దింపుకు రండి. ఓడకు మాత్రం ఏమీ కాకూడదు."

"ఓడ స్థిరత్వానికీ చేపకూ ఎలాంటి సంబంధం లేదమ్మా."

"అదే, లేకుండానే చూడండి," అందామె.

ఓడ ఎక్కి ముందుగా చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తేలే వస్తువు బరువు ఎక్కడ కేంద్రీకృతమవుతుందో, అది ఎంత ఒరిగితే తిరిగి నిలబడగలదో బల్ల మీద సోయాసాస్‌తో బొమ్మ గీసి వివరించాను. అందరూ తలలు ఊపారు. నా జీవితంలో అంత ఏకాగ్రత గల శ్రోతలు దొరకలేదు. సంతృప్తితో చాప్‌స్టిక్స్ అందుకున్నాను. వెనుక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే, కెప్టెన్ మొదలు యంత్రాలకు నూనె పూసే కుర్రాడి దాకా అందరూ లైఫ్‌జాకెట్లు తొడుక్కుంటున్నారు.

"మీ మీద నమ్మకం లేక కాదు మాస్టారూ," అన్నాడు కెప్టెన్, "ఎలాగూ ఈ వారం డ్రిల్లు చెయ్యాలి."

తావ్ మాత్రం ఏమీ తొడుక్కోలేదు. చేతులు పిసుక్కుంటూ నా పక్కకు వచ్చాడు. "మాస్టారూ, మీరు ఆ పని చేస్తే గానీ నేను ఇల్లు చేరను. చేస్తే చేరతానో లేదోనని భయం. శనివారం మా పిల్ల పెళ్ళి."

ఆ క్షణంలో నా చెయ్యి వణికిందని ఊళ్ళో ఒక ప్రచారం ఉంది. దాన్ని ఖండిస్తున్నాను. వణికింది ఓడ. ఆ రోజు సముద్రం అద్దంలా ఉందన్నది దీనికి సంబంధం లేని విషయం.

చాప్‌స్టిక్స్ గాలిలో ఉండగానే నాకు ఒక ప్రాథమిక సత్యం తట్టింది. చేప సముద్రంలో పక్క మీద పడుకుని ఈదదు. పడుకోబెట్టింది మనం. వెంటనే తావ్ చేత రెండు ముల్లంగి దుంపలు కోయించి, చేపను అటూ ఇటూ ఆనించి, ఈదుతున్నప్పుడు ఉండేట్టు పొట్ట మీద నిలబెట్టించాను. లీవెయ్ కుడి పక్కకు వెళ్ళి ఒక ఫోటో, ఎడమ పక్కకు వెళ్ళి ఒక ఫోటో తీసింది. ఎవరూ దేన్నీ తిరగెయ్యలేదు. కెప్టెన్ లైఫ్‌జాకెట్ విప్పేశాడు. నా శాస్త్ర జీవితంలో నాకు లభించిన ఏకైక పురస్కారం అదే.

ఫోటోలు కార్యాలయానికి వెళ్ళాయి. సాయంత్రానికి ప్రశ్న వచ్చింది. 'చిత్రంలోని చేప నిలబడి ఉన్నది. అది ఏ స్థితిలో ఉన్నదో తెలుపవలెను.'

'ఆవిరి మీద ఉడికిన స్థితిలో' అని లీవెయ్ జవాబిచ్చింది.

'ఉడికిన చేప నిలబడదు. ప్రాణమున్న జలచరాలు వేరే విభాగం కిందికి వస్తాయి. వ్యవహారాన్ని పై కార్యాలయానికి పంపుతున్నాము. సోమవారం వరకు వేచి ఉండవలెను.'

సోమవారం. పెళ్ళి శనివారం. శుక్రవారం పొద్దున్నే నేను స్వయంగా వెళ్ళి రేవు నిబంధనల విభాగాధిపతి గెంగ్‌గారిని కలిశాను. మర్యాదస్తుడు. తేనీరు ఇచ్చారు.

"ఆ నిబంధన తయారుచేసింది మీ విభాగమే కదా," అన్నాను. "రెండు పక్కలా అన్నచోట, వండిన చేపకు మినహాయింపు అని ఒక్క మాట చేర్చండి."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "నిబంధన జోలికి వెళ్ళకూడదు మాస్టారూ."

"వెళితే ఏమవుతుంది?"

"ఏమో. ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు."

ఇదే జవాబును నేను జాలరిపేటలో ఎందరో ముసలివాళ్ళ నోట విన్నాను. వాళ్ళ దగ్గర కనీసం మునిగిన పడవల పేర్లయినా ఉండేవి.

ఇంటికి వచ్చి చ్యావ్‌యున్‌కు విషయం చెప్పాను. ఆమె ఏడవలేదు. పిండి పిసుకుతూనే అడిగింది.

"ఆయన దిగకూడదు. మేం ఎక్కకూడదు. తేనీటి కప్పు కూడా ఎక్కకూడదు. అంతేనా?"

"అంతే."

"గొంతు సంగతి ఏమైనా రాశారా?"

రాత్రంతా నిబంధనలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

శనివారం ఉదయం చ్యావ్‌యున్ తమ్ముడి చేపల పడవ ఎర్ర కాగితాలు కట్టుకుని బయలుదేరింది. ఎర్ర బట్టల్లో రుయి, కొత్త సూటులో పెళ్ళికొడుకు బోవెన్, చ్యావ్‌యున్, సాంకేతిక సలహాదారుగా నేను. ఓడ పక్కన ఆగాం. పైన రెయిలింగు దగ్గర తావ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వంటగదిలో తానే కాచుకున్న తేనీటి మగ్గు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ సిబ్బంది.

బోవెన్ ఊగుతున్న పడవలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు అత్తగారికి కప్పు ఇచ్చి 'అమ్మా' అన్నాడు. ఆమె తాగింది. తరువాత రెండో కప్పు ఓడ వైపు ఎత్తాడు. పెదవులు కదిలాయి. ఈ కుర్రాడు గ్రంథాలయంలో ఉద్యోగి.

"ఏం వినపడలేదు బాబూ," అన్నాడు పైనుంచి తావ్.

బోవెన్ మళ్ళీ అన్నాడు. గాలి ఎత్తుకుపోయింది.

"మా అమ్మాయిని అడగడానికి వచ్చినప్పుడు బాగానే లేచిందే ఆ గొంతు," అంది చ్యావ్‌యున్. "ఇది ఓడ నాయనా, పుస్తకాల గది కాదు."

"నాకు సిగ్గేస్తోంది, గట్టిగా అరువు," అని రుయి అతని వీపు మీద ఒకటి వేసింది.

అప్పుడు ఆ కుర్రాడు కళ్ళు మూసుకుని "నాన్నా" అని అరిచాడు. నీటి మీద కొంగలు లేచాయి. నా ఎడమ చెవి గుయ్యిమంది. పైన, ఎన్ని నెలలుగా ఆ పిలుపు వినక ఉన్నారో గాని, ఓడలోని మగవాళ్ళంతా ఒక్కసారిగా "ఆఁ" అన్నారు.

"మీరు కాదురా, నేను," అని తావ్ వాళ్ళను కసిరి, ముఖం అటు తిప్పుకుని, మగ్గులోని తేనీరంతా ఒక్క గుక్కలో తాగేశాడు.

సోమవారం అనుమతి వచ్చింది. చేప పూర్తిగా పాడైపోయినందున దానిపై అభ్యంతరం లేదట.

మంగళవారం గెంగ్‌గారు ఫోను చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "మాస్టారూ, శనివారం అనుమతి లేని ఓడకూ ఒక పడవకూ మధ్య శబ్ద మార్పిడి జరిగిందని సమాచారం. మా నిబంధనల్లో ఒక ఖాళీ బయటపడింది. మీరు ప్రత్యక్షసాక్షి, పైగా శాస్త్రజ్ఞులు. ఆ పిలుపు ఎంత గట్టిగా, ఎంత దూరం వినపడిందో చెబితే ముసాయిదా తయారుచేసుకుంటాం."

నా జీవితంలో ఒక్క తప్పుడు కొలత కూడా నమోదు చేయలేదని ఈ రేవులో అందరికీ తెలుసు. చెవిలో ఆ కుర్రాడి గొంతు ఇంకా మోగుతూనే ఉంది.

"వయసు మీదపడింది గెంగ్‌గారూ," అన్నాను. "నాకేమీ వినపడలేదు."

ఆయన అదే ప్రశ్న ఈసారి గట్టిగా అడిగారు. అది కూడా వినపడలేదు.