గాజు గుడ్లగూబ గల్లంతు

“ఈ మిషిగన్ రాష్ట్రంలో నా కన్నుగప్పి తప్పించుకోగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు విద్యా,” అని కృష్ణమోహన్ ప్రకటించాడు. “ఒకవేళ పుట్టినా, ఇంకా పాకుతూ ఉండి ఉంటాడు.”

ఆ మాట అంటున్నప్పుడు అతను ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పెరుగు గిన్నె కోసం వెతుకుతున్నాడు. గిన్నె అతని ముక్కుకి ఎదురుగానే ఉంది. శ్రీవిద్య వెనకనుంచి చెయ్యి చాపి దాన్ని తీసి బల్లమీద పెట్టింది. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో పోయిన వస్తువులన్నీ దొరికేది ఈ పద్ధతిలోనే.

ఈసారి పోయింది మాత్రం ఆవిడ చెయ్యి చాపితే అందేది కాదు.

పోయింది గుడ్లగూబ. గాజుది. కోడిగుడ్డంత ఉంటుంది. క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే పాతకాలపు బొమ్మ. ఈ నోవై ఊరికి వచ్చిన తొలి చలికాలంలో, ఏం తోచక, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు సామానంతా అమ్మకానికి పెట్టిన ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళింది శ్రీవిద్య. అక్కడ ఒక గాజు ద్రాక్షగుత్తి కొనడంతో ఈ సేకరణ మొదలైంది. బొమ్మలకంటే వాటి వెనకున్న ఇళ్ళ కథలు ఆవిణ్ణి ఎక్కువ పట్టుకున్నాయి. నాన్న మంటమీద గాజుగొట్టం పెట్టి ఊదుతాడు. అమ్మ లోపల వెండిపూత పోస్తుంది. మేనత్తలు రంగులేస్తారు. పిల్లలు పైన రేకుటోపీలు తొడుగుతారు. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చుని నడిపిన వ్యాపారాలవి. అప్పడాలు ఒత్తి అమ్మిన కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు.

ఈ గుడ్లగూబ ఫోటోని సేకరించేవాళ్ళ గ్రూపులో పెడితే ఒహైయోనుంచి లొరెయిన్ హాఫ్‌మన్ అనే పెద్దావిడ రాసింది. అది వాళ్ళ నాన్న వర్క్‌షాపులో చేసిన బొమ్మట. చవక సరుకు వచ్చి వ్యాపారం మూతపడ్డప్పుడు మిగిలినదంతా టోకున అమ్మేశారట. ఇప్పుడు వాళ్ళింట్లో ఒక్క బొమ్మ కూడా లేదు. “ఒకసారి వచ్చి చూడొచ్చా?” అని అడిగింది. శనివారం భోజనానికి రమ్మంది శ్రీవిద్య.

గురువారం పొద్దున చూస్తే గుడ్లగూబ లేదు.

ఇందులో చిన్న చిక్కుంది. ఇలాంటి బొమ్మల్ని భద్రపరచడానికి కోడిగుడ్ల అట్టపెట్టెని మించింది లేదు. ఒక్కో గుంటలో ఒక్కోటి కదలకుండా కూర్చుంటుంది. కానీ ఆ ఇంట్లో అత్తగారు ఛాయాదేవి ఉన్నారు. గుడ్డు వేసిన కేకు కోసిన చాకుని కూడా గడప దాటనివ్వని మనిషి. అందుకని శ్రీవిద్య పక్కింటివాళ్ళనడిగి ఒక ఖాళీ గుడ్లపెట్టె తెచ్చి, అందులో గుడ్లగూబని పెట్టి, మిగతా గుంటల్లో దూది కుక్కి, గుట్టుగా అలమరలో దుప్పట్ల వెనక దాచింది. పోయాక కూడా పెట్టె మాట ఎత్తకుండా, “అత్తయ్యా, గాజు గుడ్లగూబేమైనా చూశారా?” అని మాత్రమే అడిగింది.

“గుడ్లగూబా? ఇంట్లోనా? శివశివా! నేను చూళ్ళేదమ్మా,” అన్నారు ఛాయాదేవి. ఆవిడ అబద్ధం ఆడరు.

కేసు కృష్ణమోహన్ చేతికి వెళ్ళింది. వెళ్ళిందనడం కంటే లాక్కున్నాడనడం న్యాయం. అతను కార్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్. సీట్‌బెల్ట్ దీపం అకారణంగా వెలుగుతోందని ఒకసారి అందరికంటే ముందు కనిపెట్టాడు. అప్పటినుంచి తను పుట్టింది ఇంకేదో పెద్ద పనికని నమ్ముతున్నాడు.

“ఇది మామూలు దొంగతనం కాదు,” అన్నాడు పెరుగన్నం కలుపుకుంటూ. “దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది.”

“గుడ్లగూబ కోసం ముఠా ఏంటి నాన్నా?” అంది పదహారేళ్ళ నైనిక ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. “లాస్ట్ టైమ్ మన పార్సిల్ పోయిందని మెయిల్ లేడీని ఫాలో చేశావ్. అది బ్యాక్ డోర్ దగ్గరే ఉంది.”

“అది ఆవిడ వేసిన ఎత్తు.”

“ఆమె నోట్ కూడా పెట్టింది, ‘బ్యాక్ డోర్’ అని.”

“ఎత్తుమీద ఎత్తు,” అన్నాడు కృష్ణమోహన్. “విద్యా, బుధవారం మనింట్లో పాట్‌లక్ భోజనానికి ఎవరెవరొచ్చారు?”

“శశికాంత్ వాళ్ళొక్కరే కదండీ. మిగతావాళ్ళు మంచని రాలేదు.”

కృష్ణమోహన్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. “అందరూ భయపడ్డ మంచులో ఒక్కడు వచ్చాడు. ఎందుకొచ్చాడు?”

“మీరు గుత్తివంకాయ ఉందన్నారు కాబట్టి.”

ఆ సాయంత్రమే శశికాంత్ ఇంటికి కారు తీశాడు. సాక్షిగా శ్రీవిద్యని కూర్చోబెట్టుకున్నాడు. ఆ దారిలో మంచు కరిగి రోడ్డంతా గుంతలు. ఒక్క గుంత కూడా వదలకుండా నడిపాడు. “వెనకనుంచి ఎవరైనా వెంబడిస్తే వాళ్ళ టైర్లు పోవాలి,” అన్నాడు.

శశికాంత్ తలుపు తీసీ తీయగానే, “నువ్వు బుధవారం ఎందుకొచ్చావో నాకు తెలుసు, నేను ఎందుకొచ్చానో నీకూ తెలుసు,” అన్నాడు కృష్ణమోహన్.

“నాకు తెల్వదన్నా. ముందు లోపలికైతే రా. వదినా, రాండ్రి. చాయ్ పెట్టాలె?”

“చాయ్‌తో నా నోరు మూయించలేవు. మా ఇంటి వస్తువొకటి నీ దగ్గరికొచ్చింది. బాగుందనుకున్నావు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. చెప్పు, ఎక్కడ దాచావు?”

శశికాంత్ మొహం వాడిపోయింది. భార్య వంక చూశాడు. నేల వంక చూశాడు.

“అన్నా, దాచలే. మర్చిపోయినం. నిజంగ.”

కృష్ణమోహన్ శ్రీవిద్యవైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆవిడకీ ఒక్క క్షణం అనుమానమొచ్చింది. నిజంగానే ఇతను తీశాడా ఏమిటి?

శశికాంత్ లోపలికెళ్ళి ఒక పెద్ద మూతగిన్నె పట్టుకొచ్చాడు. “పోయినేడు దీపావళికి పులిహోర పంపిన్రు కదా. ఉత్త గిన్నె ఎట్ల ఇయ్యాలని, ఏదన్న చేసి ఇద్దామని మా ఆమె... గట్లనే ఏడాదైంది. ఏమనుకోకు వదినా.”

తిరుగుదారిలో గిన్నె శ్రీవిద్య ఒళ్ళో ఉంది. “కేసులో తొలి రికవరీ,” అన్నాడు కృష్ణమోహన్.

శుక్రవారం అతను అనుమానాన్ని ఇంటికి మళ్ళించాడు. వంటింట్లో తల్లి చింతపండు నానబెడుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని, టేబుల్ దీపం ఆవిడ మొహంమీదికి తిప్పాడు.

“అమ్మా, గుడ్లగూబ అరిష్టమని నమ్ముతావా?”

“లక్ష్మీదేవి వాహనమంటారు కొందరు. నాకెందుకురా. ఆ దీపం అవతలికి తియ్యి, కళ్ళు పోతున్నాయి.”

“అలమరలో దాచిన వస్తువు గురించి నీకేం తెలుసు?”

ఛాయాదేవి చుట్టూ చూశారు. కోడలు హాల్లో బట్టలు మడతపెడుతోందని తేల్చుకుని, కొడుకు చెవిలో ఏదో గొణిగారు. వీపుమీద మెల్లగా తట్టారు. ఒక కన్ను కూడా కొట్టారు.

కృష్ణమోహన్ పాలిపోయి హాల్లోకొచ్చాడు.

“విద్యా, అమ్మని ఎవరో బెదిరించారు. కోడ్‌లో మాట్లాడుతోంది. ‘నీది నీకు భద్రంగానే ఉంది, కారు కుదుపుల్లేకుండా నడుపుకో, నేనెవరికీ చెప్పను’ అంది. అర్థమైందా?”

“ఏముంది, రోడ్లు బాలేవు, జాగ్రత్తగా నడపమంది.”

“కాదు. కారుకేదో చేశారు!”

వెళ్ళి బానెట్ ఎత్తి ఇంజన్‌ని చాలాసేపు అనుమానంగా చూశాడు. ఇంజన్ ఏమీ ఒప్పుకోలేదు.

శ్రీవిద్య ఆ అవకాశంలో మేడమీదికెళ్ళి లొరెయిన్‌కి ఫోన్ చేసింది. బొమ్మ పోయింది, రావద్దు అని ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకుంది. ఇవతలినుంచి హలో అనగానే అవతలివైపు గొంతు అందుకుంది.

“నువ్వు ఫోన్ చేస్తావనే అనుకున్నా హనీ. ఇప్పుడే జుట్టు సెట్ చేయించుకొచ్చాను. బొమ్మని చూడ్డానికి జుట్టెందుకని మా చెల్లెలుంటే నవ్వేది. రేపు నేనేమైనా తేవాలా?”

“ఏమీ వద్దు. మీరొస్తే చాలు,” అంది శ్రీవిద్య. ఫోన్ పెట్టేసి, చెప్పలేకపోయినందుకు తనని తనే తిట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. మంచులో అంత దూరం తనే డ్రైవ్ చేసుకుని వచ్చి, ఖాళీ అర చూసి వెళ్తుంది.

శనివారం తెల్లవారేసరికి కొత్త మంచు పడింది. శ్రీవిద్య పప్పు, బంగాళాదుంప వేపుడు చేసి, కారం లేకుండా వేరే గిన్నెలోకి కొంచెం తీసింది. గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటోంది. ఇంతలో బయటనుంచి కేక.

“దొరికాడు! పాదముద్రలు!”

కృష్ణమోహన్ నడుం వంచి, పట్టపగలు ఫోన్ లైటేసుకుని మంచులో జాడలు పట్టుకుపోతున్నాడు. “ఇంటిచుట్టూ తిరిగాడు! కిటికీల దగ్గర ఆగాడు! ఎడమకాలు కాస్త ఈడుస్తాడు!”

“ఏమండీ, పొద్దున్నే గస్తీ అని ఇంటిచుట్టూ తిరిగింది మీరే కదా?”

“నా వెనకే వాడూ తిరిగాడన్నమాట!”

నైనిక కిటికీలోంచి వీడియో తీస్తోంది. వదులు బూటు ఎడమకాలిని ఈడ్చుకుంటూ అతను మరో చుట్టు మొదలుపెట్టాడు.

అప్పుడే నీలం రంగు కారొకటి వచ్చి ఆగింది. ఎర్రకోటు వేసుకున్న సన్నటి ముసలావిడ దిగింది. జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా ఉంది. “శ్రీవిద్యా?” అంది నవ్వుతూ.

శ్రీవిద్య మెట్లు దిగి ఎదురెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “లొరెయిన్, మీకొక మాట చెప్పాలి. నన్ను క్షమించాలి. ఆ బొమ్మ...”

“అక్కడే ఆగండి! ఎవరూ కదలకండి!” అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు కృష్ణమోహన్. అందరూ ఆగారు. అతనొక్కడే ఆగలేకపోయాడు. మంచుకింద నున్నటి ఐసుంది. రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. జారుకుంటూ పోయి తన కారు వెనక బంపర్‌కి ఆనుకుని కూలబడ్డాడు. వెనకజేబులో కారు తాళం ఉంది. దాని బటన్‌మీద అతని బరువంతా పడింది.

బీప్ అని మోగి, డిక్కీ నెమ్మదిగా తెరుచుకుంది.

లోపల మంచు గీకే బద్ద, వైపర్ నీళ్ళ సీసా. వాటిమధ్య, ఊలుశాలువాలో పసిపిల్లలా చుట్టి, గుడ్లపెట్టె.

ఇంట్లోంచి ఛాయాదేవి మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చారు. “ముయ్యిరా! ముయ్యి! విద్య చూస్తుంది!”

విద్య చూస్తూనే ఉంది. “అత్తయ్యా, ఇది మీరు పెట్టారా?”

ఛాయాదేవి కోడల్ని చూశారు, కింద కూర్చున్న కొడుకుని చూశారు. ఇక దాచి లాభం లేదనుకున్నారు.

“వాణ్ణేమీ అనకమ్మా. చిన్నప్పటినుంచీ వాడికి ఆమ్లెట్ పిచ్చి. వాళ్ళ నాన్నకి తెలియకుండా హోటల్లో తినొచ్చేవాడు. దుప్పట్ల వెనక ఈ పెట్టె కనిపిస్తే, నీకు తెలిస్తే గొడవవుతుందని వాడి కార్లో పెట్టాను. ఈ చలికి డిక్కీ ఫ్రిజ్జే కదా, పాడవవు. వాడికి చెప్పాను కూడా. తేలిగ్గా ఉంటే, అప్పుడే సగం తినేశాడనుకున్నా.”

“చిన్నప్పటినుంచా?” అంది శ్రీవిద్య.

“అది వేరే కేసు,” అన్నాడు కృష్ణమోహన్ లేవకుండానే.

లొరెయిన్‌కి ఈ మాటలేవీ అర్థం కాలేదు. ఆవిడ చూపు పెట్టెమీదే ఉంది. “మా అమ్మ కూడా వీటిలోనే సర్దేది,” అంది.

శ్రీవిద్య పెట్టె అందుకుంది. గురువారం నాటి గుంతలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూత ఎత్తడానికి చేతులు రాలేదు. లొరెయినే ఎత్తింది.

దూదిమధ్య గుడ్లగూబ కళ్ళింత చేసుకుని చూస్తోంది. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.

“చూశారా,” అన్నాడు కృష్ణమోహన్, ప్యాంటు దులుపుకుంటూ. “ఏ కోణంలో పడితే ఏ బటన్ నొక్కుకుంటుందో లెక్క వేసే పడ్డాను.” నడుం పట్టుకుని కుంటుకుంటూ లోపలికొచ్చాడు.

భోజనమయ్యాక లొరెయిన్ గుడ్లగూబని అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు సవరించుకుంది. తలమీది రేకుటోపీని చూపుడువేలితో ముట్టుకుంది. అది కాస్త పక్కకి ఒరిగి ఉంది.

“ఇది నేను తొడిగిందే. టోపీల పని నాదీ మా చెల్లెలిదీ. తనవి నిటారుగా ఉండేవి, నావన్నీ వంకర. నాన్న తిట్టేవాడు కాదు. వంకరవన్నీ పక్కకి తీసి, ‘ఇది లొరెయిన్ సరుకు, నవ్వినవాళ్ళకే అమ్ముతాను’ అనేవాడు.” టోపీ వంకరని వేలితో మళ్ళీ తడిమింది. ఛాయాదేవి భాష తెలియకపోయినా ఆవిడ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు.

సాయంత్రం లొరెయిన్ బొమ్మని మళ్ళీ దూదిలో పెట్టి, మూత వేసి, పెట్టెని శ్రీవిద్యవైపు జరిపింది. “చూపించావు. చాలు,” అంది.

శ్రీవిద్య దగ్గర ఉన్నవాటిల్లోకెల్లా అపురూపమైనది అదే. చూపిస్తానంది గానీ ఇస్తానని ఎప్పుడూ అనుకోలేదు. పెట్టెమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పెట్టెని తనవైపు లాక్కోవలసింది. అవతలికి నెట్టింది.

“తీసుకెళ్ళండి. ఇది మీ ఇంటిది,” అంది.

లొరెయిన్ వద్దనలేదు. వద్దనే మనిషైతే అంత దూరం వచ్చేది కాదు. పెట్టెని ఒళ్ళోకి తీసుకుంది.

కృష్ణమోహన్ గొంతు సవరించుకున్నాడు. “విద్యా, దారిలో ముఠా కాపు వేసి ఉంటుంది. పెట్టె నా చేతికివ్వమను. నా కార్లో నేను భద్రంగా ఒహైయో దాకా దింపి వస్తాను,” అన్నాడు తెలుగులో, చేతులు చాపుతూ.

నైనిక “నో” అంది. ఛాయాదేవి “వద్దురా” అన్నారు. వాళ్ళిద్దరికంటే ముందు, తెలుగు ముక్క రాని లొరెయిన్, పెట్టెని గుండెకి హత్తుకుని కుర్చీతో సహా వెనక్కి జరిగింది.